అత్తయ్యగారి బందరు

బెజవాడలో పుట్టి పెరిగినవాడి నోటివెంట బందరు అనే మాట రోజుకి పదిసార్లయినా వస్తుంది. నేను చదువుకున్న స్కూలు బందరు రోడ్డు మీద. మేం అద్దెకున్న మొదటి ఇల్లు బందరు కాలువ పక్కన. బస్సు దిగడం బందరు లాకుల దగ్గర. అయినా నలభై మూడేళ్లు వచ్చేదాకా ఆ ఊరు మాత్రం నేను సరిగ్గా చూడలేదు. రెండుసార్లు పెళ్లిళ్లకి వెళ్లాను. అక్షింతలు వేసి, భోంచేసి, తిరుగు బస్సెక్కాను. ఒకసారి స్నేహితులతో మంగినపూడి బీచికి వెళ్లి, ప్యాంటు మోకాళ్ల దాకా తడుపుకొని వచ్చేశాను. బందరంటే నాకు అంతే.

మా అత్తయ్యగారిది ఆ ఊరే. మామగారు పోయాక ఆవిడ మా దగ్గరే ఉంటున్నారు. మా ఇంట్లో బందరు గురించి మాట్లాడని రోజు లేదు. బెజవాడ లడ్డు నోట్లో పెట్టుకుని, "శనగపిండి వేయించారు, దంచలేదు. మా బందర్లో అయితే రోకళ్లతో దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డన్నారు," అనేవారు. హల్వా తెస్తే, "గోధుమపాలు తీసి చెయ్యాలి బాబూ దీన్ని. ఇది పిండితో చేశారు," అని పక్కన పెట్టేవారు. పక్కన పెట్టింది కాసేపటికి ఆవిడే తినేసేవారనుకోండి, అది వేరే సంగతి.

వీటన్నిటికంటే పెద్దది ఓడ కథ. ఆవిడ తండ్రి బందరు రేవు ఆఫీసులో గుమాస్తా. ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఇసుక మేటవేసి, ఓడలు ఒడ్డుకి రాలేక దూరాన నీళ్లలోనే లంగరు వేసుకునేవట. సరుకులు పడవల మీద వచ్చిపోయేవి. అత్తయ్యగారికి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి ఆవిడని పడవలో ఒక ఓడ దగ్గరికి తీసుకెళ్లాడు. తాళ్ల నిచ్చెన ఎక్కి ఓడలోకి వెళితే, ఎర్రగడ్డం కెప్టెను ఆవిడ తల నిమిరి బిస్కెట్ల డబ్బా ఇచ్చాడు. గుర్రబ్బండి బొమ్మ ఉన్న ఆ రేకు డబ్బా ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. అందులో జీలకర్ర పోసుకుంటాం. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా "మా అమ్మమ్మ ఓడ ఎక్కిన రోజు" అని వ్యాసం రాసి స్కూల్లో మొదటి బహుమతి తెచ్చుకుంది కూడా.

నేను సర్వే పని చేస్తాను. మూడు కాళ్ల స్టాండు మీద పరికరం పెట్టి నేల ఎత్తుపల్లాలు కొలిచి ఇస్తే, ఇంజనీర్లు ఆ కొలతల మీద కడతారు. బందరులో కొత్త రేవు కడుతున్నారు కదా, అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర ఎనిమిది నెలల పని వచ్చింది. రోజూ బెజవాడ నుంచి తిరగడం కుదిరేది కాదు. గది తీసుకుని ఉంటానని ఇంట్లో చెప్పాను. సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్యగారు తలెత్తకుండానే అన్నారు:

"వంటకి నేనొస్తాను బాబూ."

మా ఆవిడ గాభరా పడింది. "అమ్మా, నీ మోకాళ్లు?"

"బందర్లో నాకు మోకాళ్ల నొప్పులు రావు."

అలా నేను, అత్తయ్యగారు, ఒక గ్యాసు స్టవ్వు, జీలకర్ర డబ్బా, రెండు సూటుకేసులు కలిసి ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరాం. పరాసుపేటలో ఒక ఇంటి కింది వాటా దొరికింది. దిగిన మర్నాడే ఆవిడ తను పుట్టిన ఇల్లు చూపిస్తానని బయల్దేరదీశారు. నాకు లోపల భయంగానే ఉంది. ఆ ఇల్లు ఎప్పుడో అమ్మేశారని, పడగొట్టేశారని నాకు తెలుసు. పెద్దావిడ అక్కడ నిలబడి ఏడిస్తే ఏం చెయ్యాలో తెలీలేదు. వెళ్లి చూస్తే అది మూడంతస్తుల కోచింగ్ సెంటరు. కింది గదిలో పిల్లలు బోర్డు చూసి లెక్కలు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. అత్తయ్యగారు కిటికీలోంచి కాసేపు చూశారు.

"సరిగ్గా ఇక్కడే మా వంటిల్లు. మా అమ్మకి లెక్కలంటే ప్రాణం. నాలుగో క్లాసుతో చదువు మానిపించేశారు. ఇక్కడ బడి పెట్టి మంచి పనే చేశారు వీళ్లు," అని, నేను ఏదో ఓదార్పుగా అనబోయేలోపే, "పదండి, హల్వా తిందాం," అన్నారు.

ఆదివారాలు నాకు సెలవు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు తినగానే ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేవారు. ఒక ఆటో మాట్లాడుకుని ఊరు తిరిగేవాళ్లం. అప్పుడు అర్థమైంది నాకు, ఈ ఊళ్లో పేటల పేర్లు చదివితే చాలు, చరిత్ర పుస్తకం అక్కర్లేదని. మేమున్న పరాసుపేట ఫ్రెంచివాళ్లది. పరాసువాళ్లంటే వాళ్లేనట. వలందపాలెం డచ్చివాళ్లది. ఇంగ్లీషుపాలెం సరే, చెప్పే పని లేదు. అందరూ ఇక్కడి బట్ట కోసం వచ్చారు. గిడ్డంగులు కట్టారు, కోట కట్టారు, ఒకళ్లతో ఒకళ్లు కొట్టుకున్నారు, కొందరు ఇక్కడే పోయారు, మిగిలినవాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు ఇంగ్లీషుపాలెంలో ఇడ్లీ బండి, వలందపాలెంలో టైలరు కొట్టు, పరాసుపేటలో మేము.

డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లినప్పుడు కాపలా ఆయన్ని బతిమాలి తాళం తీయించాం. నల్లరాతి పలకల మీద అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నాయి. ఇన్ని వందల ఏళ్ల వానకి, ఉప్పుగాలికి కూడా చెదరలేదు. నేను వంగి ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చూస్తుంటే వెనకనుంచి అత్తయ్యగారు, "ఆ పక్క రాయి మా అమ్మమ్మది," అన్నారు.

ఉలిక్కిపడి చూశాను.

"అంటే సమాధి కాదు బాబూ. ఆవిడ దాని మీద ఒడియాలు పెట్టుకునేది. ఎండకి రాయి బాగా కాగుతుంది కదా, ఒక్కరోజులో గలగలలాడేవి. అప్పుడు గేటూ లేదు, తాళమూ లేదు."

కాపలా ఆయన నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

కోట దగ్గర చెట్లూ చేమలూ మొలిచిన పాత గోడల్ని చూపించి, తన తండ్రి ఆఫీసు ఎటువైపు ఉండేదో, భోజనం క్యారేజీ తను ఏ దారిన తీసుకెళ్లేదో చెప్పారు. చిలకలపూడిలో పాండురంగడి గుడికి వెళ్లొస్తూ గిల్టు నగల కొట్టులో అరగంట కూర్చుని, మా అమ్మాయికి ఒక జత జుంకాలు తీశారు. "బంగారం కొనుక్కునేవాళ్లకి ఒక్క జతే. గిల్టయితే చీరకో జత," అని కొట్టాయనతో అంటే, ఆయన "ఆ మాట మా బోర్డు మీద రాయించుకుంటానండీ," అన్నాడు. ఎక్కడికి వెళ్లినా ఆవిడ అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరికి అక్కో పిన్నో అయిపోయేవారు. బెజవాడ అపార్టుమెంటులో లిఫ్టులో కూడా మాట్లాడని మనిషి ఈవిడేనా అనిపించేది.

రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం ఆవిడ మామూలుగా కాకుండా, కొంచెం మొహమాటంగా అడిగారు.

"బాబూ, ఇవాళ ఒకర్ని వెతకాలి. నా చిన్నప్పటి నేస్తం. అచ్చులు చెక్కేవాళ్ల పిల్ల. మా వెనక సందులోనే ఉండేవాళ్లు. నా పెళ్లయ్యాక ఉత్తరాలు రాసుకునేవాళ్లం. తర్వాత ఎందుకో ఆగిపోయాయి."

కలంకారీ బట్టల మీద పువ్వులు, లతలు అద్దడానికి టేకు చెక్క మీద బొమ్మ చెక్కుతారు. దాన్నే అచ్చంటారు. ఆవిడ నేస్తం తండ్రి ఆ పనిలో పేరున్నవాడట. వెనక సందులో ఆ ఇల్లు లేదు గానీ, సందు చివర మసీదు దగ్గర అత్తరు అమ్ముకునే ముసలాయన వెంటనే గుర్తుపట్టాడు. "ఆవిడా? పెడన దారిలో కాలవగట్టు మీద అద్దకం షెడ్డుంది వాళ్లకి. కొడుకు చూసుకుంటున్నాడు. అయినా ఆవిడ మాట కాదని అక్కడ చీమ కూడా కదలదులెండి," అన్నాడు.

వెళ్లేసరికి షెడ్డులో నలుగురు పొడవాటి బల్లల మీద వంగి అచ్చులు వేస్తున్నారు. అచ్చు రంగులో ముంచడం, బట్ట మీద ఆనించడం, అరచేత్తో టప్పున కొట్టడం. నాలుగు బల్లల మీద నుంచీ ఆ చప్పుడు ఒక వరసలో వస్తోంది. ఒక మూల స్టూలు మీద సన్నగా, పొట్టిగా ఉన్న ఒక పెద్దావిడ కూర్చుని, ఒక అచ్చుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. వేళ్లు గోళ్ల దాకా నల్లగా ఉన్నాయి. అత్తయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ తలెత్తి, కళ్లద్దాలు పైకి జరిపి చూసింది.

"ఒసే, పళ్లు కట్టించుకున్నావా?"

అరవై ఏళ్ల స్నేహంలో యాభై ఏళ్ల ఎడబాటు తర్వాత వాళ్ల మొదటి మాట అది. అత్తయ్యగారు నవ్వారు, ఆ తర్వాత ఏడ్చారు, మళ్లీ నవ్వారు. నల్లటి వేళ్ల గుర్తులు ఆవిడ జాకెట్టు భుజం మీద పడ్డాయి. ఆ రంగు ఇప్పటికీ పోలేదు.

అత్తయ్యగారి నేస్తాన్ని నేను పిన్నిగారూ అని పిలిచాను. పిన్నిగారు షెడ్డంతా తిప్పి చూపించారు. కరక్కాయ నీళ్లలో నానేసిన బట్ట, పాత ఇనుము, బెల్లం కలిపి కుండల్లో మురగబెట్టిన నల్లరంగు, పటిక వేసి అద్ది ఉడకబెడితే తేలే ఎరుపు. చివరికి కాలవ గట్టుకి తీసుకెళ్లారు. ఇద్దరు మనుషులు మొలలోతు నీళ్లలో నిలబడి పొడవాటి బట్టని పారే నీళ్లకి వదిలి పట్టుకున్నారు.

"పారే నీళ్లలో ఉతికితేనే రంగు విచ్చుకుంటుంది. ఇవి మీ బెజవాడ దగ్గర వదిలిన నీళ్లే బాబూ. అక్కడ మీరేం పారేస్తే అది మా గుడ్డకి తగులుతుంది. ఏం పారెయ్యమాకండి," అన్నారు పిన్నిగారు.

అప్పటి నుంచి కాలవలో ఒక టిక్కెట్టు ముక్క కూడా వెయ్యలేదు నేను.

టీ తాగుతుండగా మాట రేవు మీదకి మళ్లింది. నేను ఆ పనిలోనే ఉన్నానని తెలిసి పిన్నిగారు చాలా అడిగారు. అలలకి అడ్డంగా సముద్రంలో గోడ ఎంత దూరం కట్టారు, నీళ్లు ఎంత లోతు తవ్వుతున్నారు, ఓడలు ఒడ్డుకే వస్తాయా అని. నేను ఉత్సాహంలో, "పిన్నిగారూ, అత్తయ్యగారు చిన్నప్పుడు ఓడెక్కారు కదా, అప్పుడు మీరూ ఉన్నారా?" అని అడిగేశాను.

పిన్నిగారు అత్తయ్యగారి వైపు చూశారు. అత్తయ్యగారు టీ గ్లాసులోకి చూస్తున్నారు.

"ఉన్నాను బాబూ. మీ అత్తగారు ఎక్కింది. ఎక్కకేం? కోతిలా ఎక్కింది," అన్నారు పిన్నిగారు. ఆ తర్వాత ఆపకుండా చెప్పుకుపోయారు. తాళ్ల నిచ్చెనకి పైనుంచి మూడో మెట్టు తెగి ఉంటే పక్క తాడు పట్టుకుని కాలు సాచి ఎక్కాల్సి వచ్చిందట. పైన ఇనుప నేల కాళ్లు చుర్రుమనేలా కాలుతోందట. వంటగదిలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన, ఒక చెవి లేని పిల్లి, కెప్టెను మోచేతి మీద పచ్చబొట్టు పొడిచిన చేప. ఇన్నేళ్లలో అత్తయ్యగారు ఇవేవీ మాకు చెప్పలేదే అనుకున్నాను.

తిరిగొస్తూ ఆటోలో ఆవిడ కళ్లు మూసుకుని కూర్చున్నారు. అలిసిపోయారనుకున్నాను. మర్నాడు పప్పులో ఉప్పు లేదు. ఆ మర్నాడు పులుసులో రెండుసార్లు ఉప్పు పడింది. మూడో రోజు పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే హెల్మెట్ అందిస్తూ, దాన్ని వదలకుండా పట్టుకుని అన్నారు:

"నేను ఎక్కలేదు బాబూ."

"ఏది ఎక్కలేదండీ?"

"ఓడ. నేను ఎక్కలేదు. అదెక్కింది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆవిడ నిలబడే మొత్తం చెప్పారు. ఆ రోజు తండ్రి ఇద్దరు పిల్లల్నీ పడవలో తీసుకెళ్లాడు. నేస్తం ఇంట్లో మాత్రం గుమాస్తాగారింటికి ఆడుకోవడానికి వెళుతున్నానని చెప్పి వచ్చింది. ఓడ పక్కకి చేరాక, గోడలా పైకి లేచిన ఆ ఇనుముని చూసి అత్తయ్యగారికి భయం వేసింది. నిచ్చెన పట్టుకుని, ఒక్క మెట్టెక్కి, ఏడ్చి దిగిపోయారు. నేస్తం చరచరా ఎక్కేసింది. దిగి వచ్చాక బిస్కెట్లు సగం పంచి, డబ్బా కూడా ఈవిడకే ఇచ్చేసింది. పైన ఏమేం చూసిందో ఒడ్డుకి వచ్చేదాకా చెప్పింది. ఏడ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దని ఈవిడ ఒట్టు వేయించుకున్నారు.

"ఇంటికెళ్లాక మా అమ్మ అడిగింది, ఓడెక్కావా అని. ఆ అన్నాను. మా నాన్న నవ్వి ఊరుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు చెప్పానో! చెప్పగా చెప్పగా నాకే ఎక్కినట్టుండేది బాబూ. నిచ్చెన మీద నా కాళ్లు కూడా కనపడేవి. మొన్న అది చెబుతుంటే తెలిసింది. చెవిలేని పిల్లి సంగతి నేను ఎప్పుడో మర్చిపోయాను. చూసినదాన్నయితే మర్చిపోతానా?"

"దాంట్లో తప్పేముందండీ, చిన్నపిల్లలప్పుడు," అన్నాను. ఆవిడకి ఆ మాట చాల్లేదు. ఆ సాయంత్రమే ఆటో ఎక్కి షెడ్డుకి బయల్దేరారు. నేను పని నుంచి నేరుగా అక్కడికి వెళ్లేసరికి ఇద్దరూ కాలవగట్టు మీద కూర్చుని ఉన్నారు.

అత్తయ్యగారు గట్టిగా అడుగుతున్నారు. "మా అల్లుడి ముందు అబద్ధం ఎందుకు చెప్పావే?"

"చెప్పనని ఒట్టేశాను కదే."

"అరవై ఏళ్లయింది!"

"అయితే? ఒట్టుకి గడువేమన్నా పెట్టావా?"

అత్తయ్యగారికి నవ్వాగలేదు. పిన్నిగారు మాత్రం నవ్వలేదు. బట్ట అంచు మీద ఆరిన రంగుని గోటితో గీకుతూ అన్నారు. "నిజం చెప్పాలంటే నువ్వే నాకు మేలు చేశావే. ఆడపిల్ల నలుగురు మగాళ్లున్న ఓడెక్కిందని తెలిస్తే మా నాన్న నా కాళ్లు విరగ్గొట్టేవాడు. పెళ్లయ్యాక మా ఆయనకీ చెప్పలేదు. నా కొడుక్కీ చెప్పలేదు. ఇన్నేళ్లూ నేను ఎవరికీ చెప్పుకోలేని దాన్ని నువ్వు ఊరూవాడా చెప్పావు. ఇంతకీ మీ వాళ్లు విన్నారా? నచ్చిందా వాళ్లకి?"

"నచ్చడమేంటి, నా మనవరాలికి ప్రైజు కూడా వచ్చింది," అన్నారు అత్తయ్యగారు.

"అయితే ఆ ప్రైజు నాది."

"సగం. చెప్పింది నేను."

పిన్నిగారు తన కొడుకుని పిలిచి, షెడ్డులో పనివాళ్లందరూ వింటుండగా, ఓడ కథ మొదటిసారి తన కథగా చెప్పారు. యాభై ఏళ్ల ఆ మనిషి నోరు తెరిచి విన్నాడు. "అమ్మీ, నువ్వా!" అని నాలుగుసార్లు అన్నాడు. అచ్చుల చప్పుడు ఆ కాసేపూ ఆగిపోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక అత్తయ్యగారు మనవరాలికి ఫోను చేసి నిజం చెప్పేశారు. స్పీకర్లో మా అమ్మాయి గొంతు నాకూ వినిపించింది. "అమ్మమ్మా, మరి నా ప్రైజు వెనక్కి తీసుకుంటారా?" అని ముందు కంగారుపడింది. తర్వాత, "ఇది ఇంకా బాగుంది. మళ్లీ రాస్తాను," అంది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ ఆ ఇద్దరికీ కొత్త రేవు చూడాలని పట్టుకుంది. సైటులోకి బయటివాళ్లని రానివ్వరు. అందుకని గిలకలదిండిలో చేపలపడవ ఉన్న ఒకాయనతో మాట్లాడాను. మాతోపాటు సైటులో పని చేసే డ్రైవరుకి బావమరిది ఆయన. గాలి లేని రోజు చూసి కబురు చేస్తానన్నాడు. ఒక ఆదివారం తెల్లారగానే బయల్దేరాం. ఇద్దరికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడిగితే, పిన్నిగారు దాన్ని చేత్తో తడిమి, "కుట్టు బాగా లేదు," అన్నారు.

చేపల రేవు ముఖద్వారం దాటి సముద్రంలోకి వచ్చేదాకా అంతా బాగానే ఉంది. ఒడ్డున గోడ కట్టడానికి తెచ్చిన రాళ్లగుట్టలు, క్రేన్లు, నేను కొలిచిన గట్టు. ఇవన్నీ వాళ్లకి చూపిస్తూ గొప్పగా నిలబడ్డాను. మొదటి అలకి పడవ లేచి పడింది. రెండోదానికి నా కడుపులో ఇడ్లీ లేచింది. ఆ తర్వాత రేవు గురించి నేను చెప్పిందేమీ లేదు. పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంటూనే ఉన్నాను. అత్తయ్యగారు నా వీపు నిమిరారు. పిన్నిగారు తన కొంగు సముద్రం నీళ్లలో తడిపి నా మెడకి చుట్టి, "దూరంగా గీతలా కనపడుతోందే, దాన్నే చూడు బాబూ, నీళ్లకేసి చూడమాక," అన్నారు. వాళ్లిద్దరికీ ఏమీ కాలేదు. నిమ్మకాయ బద్దలు చప్పరిస్తూ కూర్చున్నారు.

దూరంగా సముద్రపు అడుగు తవ్వే డ్రెడ్జరు నిలబడి ఉంది. మూడంతస్తుల ఇల్లంత ఓడ. పడవాయన ఇంతకంటే దగ్గరికి పోకూడదంటూ మాట వినిపించేంత దూరంలో ఇంజను తగ్గించాడు. ఒక మనిషి పైన కమ్మీ పట్టుకుని నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. ఇద్దరు పెద్దావిడలూ చెయ్యి ఊపారు. ఆయన కూడా ఊపాడు. అత్తయ్యగారు లేచి నిలబడి, పడవాయన వారిస్తున్నా వినకుండా, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా అరిచారు.

"ఏ దేశం నాయనా మీది?"

గాలిలో సమాధానం స్పష్టంగా వచ్చింది. "కాకినాడండీ!"

పిన్నిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను కూడా ఆ స్థితిలోనే నవ్వాను.

"భోంచేశారా?" అత్తయ్యగారు అడిగారు.

"ఇంకా లేదండీ! పదకొండున్నరకండీ!"

"ఇవాళేంటి కూర?"

ఇది ఆయనకి వినపడలేదు. అలకి పడవ పక్కకి జరిగింది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. "ఎర్రగడ్డాలేమీ లేవు. మనాళ్లే," అన్నారు అత్తయ్యగారు కూర్చుంటూ. ఆ మాటలో నిరాశేమీ లేదు. పైగా తృప్తిగా ఉన్నట్టనిపించింది. ఓడ ఎక్కాలనుందా అని నేను నీరసంగా అడిగితే, "ఎందుకు బాబూ, చూడండి ఎంత బురదగా ఉందో," అన్నారు.

ఒడ్డుకొచ్చాక పడవాయన భార్య మాకు వేడి అన్నంలోకి చేపల పులుసు పోసింది. నేను మజ్జిగన్నం తిన్నాను. వాళ్లిద్దరూ ముళ్లు ఏరుకుంటూ, ఎవరి పెళ్లిలో ఏం వడ్డించారో చెప్పుకుంటూ గంటసేపు తిన్నారు. ఆ రోజు వాళ్లని చూస్తుంటే, ఈ ఊళ్లో ఓడలు ఆగిపోయినా బతుకు ఆగలేదని నాకు అనిపించింది. అద్దకం వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు. పీర్ల పండగకి సందులో హిందువులూ సాయిబులూ కలిసి నీళ్ల కుండలు పెడుతూనే ఉన్నారు. ఉప్పెనలు వచ్చినా ఊరు మళ్లీ లేచింది. ఓడలు మళ్లీ వస్తే రావచ్చు. ఈ ఊరివాళ్లు వాటి కోసం గుమ్మంలో నిలబడి ఏమీ లేరు.

నా ఎనిమిది నెలల పనీ అయిపోయింది. సామాను సర్దుతుంటే అత్తయ్యగారు తన సూటుకేసు తీయలేదు. "మీరు పదండి బాబూ. నేను ఇంకో రెండు నెలలుండి వస్తాను. అద్దకం నేర్పుతానంది అది," అన్నారు. మా ఆవిడ ఫోనులో తల్లితో గంటన్నర పోట్లాడి ఓడిపోయింది. రెండు నెలలు ఆరు నెలలయ్యాయి. అత్తయ్యగారికి అద్దకం రాలేదు. అచ్చు ఆనించేటప్పుడు చెయ్యి కొంచెం పక్కకి జరుగుతుంది. ఆవిడ వేసిన దుప్పటి మా మంచం మీద ఉంది. దాని మీద లత తలగడ దగ్గర తిన్నగా మొదలై, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి గోడ వైపు పాకిపోతుంది. ఇప్పుడు ఆవిడ నెలలో సగం ఇక్కడ, సగం అక్కడ.

పోయిన చలికాలం పిన్నిగారు కూడా ఆవిడతోపాటు బెజవాడ వచ్చారు. వారం రోజులున్నారు. మీ ఊళ్లో ఏముందో చూపించమన్నారు. తోచినవన్నీ చూపించాను. దుర్గ గుడి మెట్ల కింద నుంచి కొండ చూసి, "బాగుంది," అన్నారు. బ్యారేజీ చూసి, "బాగుంది," అన్నారు. పెద్ద బట్టల షాపులో మూడు అంతస్తులు తిరిగి, ఒక చీర అంచు తిరగేసి చూసి, "మెషీను," అని వదిలేశారు. ఆఖరికి బొమ్మలు చూద్దామని కొండపల్లి బస్సెక్కించాను. ఇబ్రహీంపట్నం దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టాలు చూసి మాత్రం, "వీటితో ఎన్ని బట్టలు ఉడకబెట్టొచ్చో," అన్నారు.

కొండపల్లిలో ఒక ఇంటి అరుగు మీద ఒకాయన తెల్లపొణికి చెక్కతో ఎడ్లబండి చేస్తున్నాడు. పిన్నిగారు ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నారు. ఆ చెక్క ముక్క చేతిలోకి తీసుకుని, "ఇంత తేలికా! గోరు దిగుతోందే," అని ఆశ్చర్యపోయారు. "మాది టేకు. ఉలి జారితే వేలు తెగుద్ది." ఆయన చేతిలో పని ఆపి, "తమరు చెక్కుతారా అండీ?" అని అడిగాడు.

"మా నాన్న చెక్కేవాడు. నాకు నేర్పలేదు. ఆయన పడుకున్నాక నేర్చుకున్నాను."

ఆయన ఉలి తిప్పి, పిడి ఆవిడ వైపు పెట్టి ఇచ్చాడు. పిన్నిగారు కళ్లద్దాలు సర్దుకుని, చెక్క ముక్కని మోకాళ్ల మధ్య ఇరికించుకుని పని మొదలుపెట్టారు. ఇంట్లోంచి ఆయన భార్య, పక్కింటివాళ్లు ఇద్దరు బయటికొచ్చారు. పది నిమిషాల్లో చెక్క మీద ఆరు రేకుల పువ్వు, దాని పక్కన రెండు ఆకులు తేలాయి. ఆయన దాన్ని తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ రేకు చివర ఇలా వంపు ఎలా తెచ్చారండీ? మాకు విరిగిపోద్ది."

"ఉలి లోపల్నుంచి బయటికి రావాలి. బయటినుంచి లోపలికి పోమాక. చూడు."

ఇద్దరి తలలూ చెక్క మీదికి వంగాయి. అత్తయ్యగారు అరుగు చివర నా పక్కన కూర్చుని, సంచిలోంచి తొక్కుడు లడ్డు తీసి సగం నాకిచ్చారు. "ఇప్పుడిప్పుడే లేవదు బాబూ అది. మీరు బస్సు సంగతి మర్చిపోండి," అన్నారు.